మినాక్సిడిల్ మొదలుపెట్టి నాలుగు నెలలు: జుట్టు పెరిగిందో లేదో కొలిచేదెట్లా?

అనంతపురం నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వయసు 29. సుడి దగ్గర, కణతల దగ్గర పలచబడుతోంది. నాలుగు నెలలుగా జుట్టు పెరగడానికి మాడుకు రాసే 5% మినాక్సిడిల్ మందు రెండు పూటలా రాస్తున్నారు, బట్టతల ముదరకుండా డాక్టరు రాసిచ్చిన ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నారు. ఫోన్లో ముప్పై నలభై ఫోటోలున్నాయి. ఒకదాంట్లో ఒత్తుగా కనిపిస్తుంది, మరోదాంట్లో మాడు తెల్లగా మెరుస్తోంది. స్నానం చేసినప్పుడు ఒకరోజు 140 వెంట్రుకలు ఊడాయి, ఇంకోరోజు 40. మందు ఆపాలా, కొనసాగించాలా?

ఈ ఫోటోలతో, ఈ లెక్కతో ఎంత పెద్ద స్పెషలిస్టు అయినా జవాబు చెప్పలేడు. మందు పనిచేయడం లేదని కాదు, మీ కొలత పనిచేయడం లేదు. ముందు దాన్ని సరిచేద్దాం.

మనం వెతుకుతున్న మార్పు ఎంత చిన్నదో చూడండి. ఫినాస్టరైడ్ మీద జరిగిన పెద్ద ట్రయల్స్‌లో నడినెత్తిన ఒక అంగుళం వ్యాసం ఉన్న వృత్తంలో (5.1 చదరపు సెం.మీ.) వెంట్రుకలు లెక్కపెట్టారు. మొదట్లో సగటున 876 ఉన్నాయి. ఏడాది తర్వాత మందు వేసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ మధ్య తేడా 107. రెండేళ్లకు 138, ఐదేళ్లకు 277. ఏడాదికి నూటికి పన్నెండు అన్నమాట. ఆ ఐదేళ్ల 277లో చాలాభాగం మందు కొత్తగా మొలిపించినవి కావు, మందు లేనివాళ్లు పోగొట్టుకున్నవి. అందుకే ఏడాది చివర 'ఉన్నది ఉన్నట్టే ఉంది' అని తేలినా ఫినాస్టరైడ్ తన పని చేసినట్టే. నూటికి పన్నెండు మార్పును అద్దం పట్టుకోలేదు. బాత్రూం బల్బు మారిస్తే అంతకంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది.

ఇక బాత్రూం లెక్క. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడడం మామూలే. నాలుగు రోజులకోసారి తలంటుకునేవాళ్లకు ఆ నాలుగు రోజులవీ ఒకేసారి నీళ్లలో కనిపిస్తాయి. మీ 140కీ 40కీ మధ్య తేడా చాలావరకు తలస్నానాల మధ్య ఎడమే. పైగా ఊడినవి లెక్కపెడితే ఊడడం తెలుస్తుందే గానీ పెరగడం తెలియదు. మినాక్సిడిల్ మొదలుపెట్టిన రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఊడడం పెరగొచ్చు. పెరగడం ఆగి విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుకను కింద మొదలైన కొత్త వెంట్రుక బయటికి తోసేస్తుంది. చాలామంది భయపడి సీసా పారేసేది సరిగ్గా అప్పుడే.

ఊడడం కూడా రాసుకోవాలనిపిస్తే నిమిషం దువ్వెన పద్ధతి మేలు. తలంటుకునే ముందు జుట్టు రంగుకు భిన్నమైన తువ్వాలు పరిచి, తల వంచి, నడినెత్తి వెనక నుంచి ముందుకు సరిగ్గా 60 సెకన్లు దువ్వాలి. తువ్వాలు మీద పడ్డవి, దువ్వెనలో ఇరుక్కున్నవి కలిపి లెక్కపెట్టాలి. వరసగా మూడు తలస్నానాల ముందు చేసి సగటు తీయండి. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు పది చుట్టుపక్కల వస్తుంది. చివర తెల్లటి చిన్న గడ్డ ఉన్నవే వేరుతో సహా ఊడినవి. గడ్డ లేనివి మధ్యలో తెగినవి, వాటిని లెక్కలోంచి తీసేయండి. మన బోరు నీళ్లకు జుట్టు గరుకెక్కి తెగుతుంది. ఉప్పు నీళ్ల వల్లే బట్టతల వచ్చిందనే మాటలో నిజం లేదు గానీ, తెగిన ముక్కలు లెక్కను మాత్రం పాడుచేస్తాయి. జుట్టు రెండు మూడు సెం.మీ. కంటే పొట్టిగా ఉంటే దువ్వెనకు నిలవదు, ఈ పద్ధతి వదిలేయండి.

అసలు కొలతకు రెండు పనులు కావాలి: ఒకేలా తీసిన ఫోటో, ఒకే చోట పెట్టిన లెక్క.

ఫోటో గురించి. రాత్రిపూట, కిటికీలు మూసి, ఒకే గదిలో ఒకే ట్యూబ్‌లైటు కింద తీయండి. పగటి వెలుతురు నెలకో రకంగా ఉంటుంది. లైటు నడినెత్తికి నిట్టనిలువుగా ఉంటే మాడు మెరిసి ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది, అందుకని కాస్త ముందుకో వెనక్కో స్టూలు వేసుకోండి. స్టూలు కాళ్లు ఆనే చోట నేల మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. ఫోను చేత్తో పట్టుకోవద్దు. ట్రైపాడ్ లేకపోతే బీరువా అరలో పెట్టినా సరే, దూరం మాత్రం 40 నుంచి 50 సెం.మీ. మధ్య ఒకటి ఎంచుకుని టేపుతో కొలవండి. దగ్గరగా పెట్టి తీస్తే మధ్యభాగం ఉబ్బి అంచులు కుదించుకుపోతాయి, సుడి పెద్దదిగా కనిపిస్తుంది. రెండు రెట్ల జూమ్ పెట్టుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. బ్యూటీ మోడ్, నైట్ మోడ్, హెచ్‌డీఆర్ అన్నీ ఆపేయండి. ఇప్పటి ఫోన్లు చీకట్లో కనపడని వివరాన్ని ఊహించి గీస్తాయి, లేని వెంట్రుకల గీతలు కూడా అట్లాగే పుడతాయి. తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుగు లాక్ చేయండి. మధ్యలో ఫోను మార్చారంటే పాత ఫోటోలతో పోలిక తెగిపోయినట్టే. కొత్తదానితో పాటు పాత ఫోనుతో కూడా ఒకసారి తీసి రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

నాలుగు కోణాలు చాలు: నడినెత్తి పైనుంచి, ఎదురుగా తల వంచి, రెండు కణతలు. ప్రతిసారీ తల అంతే వంగాలంటే గడ్డం ఛాతీకి ఆనించడం తేలిక పద్ధతి.

తల స్థితి ఫోటో కంటే ముఖ్యం. ఫోటో ముందు తలంటుకుని మూడు నాలుగు గంటలు ఆరనివ్వండి. తడి జుట్టు, కొబ్బరినూనె రాసిన జుట్టు పాయలు కట్టి మాడు బయటపెడుతుంది. మినాక్సిడిల్ రాసిన వెంటనే తీసినా అంతే, ఆరాక తెల్లటి పొడి మిగిలితే అది చుండ్రులా కనిపించి గందరగోళం చేస్తుంది. మే నెల ఉక్కలో చెమట తడి కూడా ఇదే పని చేస్తుంది, ఫ్యాను కింద కూర్చుని తీయండి. జుట్టు నెలకు దాదాపు ఒక సెం.మీ. పెరుగుతుంది. కటింగ్ అయిన మర్నాడు ఒక ఫోటో, నెల తర్వాత ఇంకో ఫోటో తీస్తే ఆ ఒక్క సెంటీమీటరే సుడిని కప్పేసి 'మందు పనిచేసింది' అనిపిస్తుంది. సెలూన్‌లో ప్రతిసారీ ఒకే నంబరు ట్రిమ్మర్ గార్డు చెప్పి (2 నంబరంటే 6 మి.మీ., 3 అంటే 10 మి.మీ.) సరిగ్గా ఏడో రోజు ఫోటో తీయండి. రంగు వేసేవాళ్లు ప్రతి ఫోటోకూ అన్నే రోజుల ముందు వేయాలి. నెరిసిన వెంట్రుక మాడు రంగులో కలిసిపోయి లెక్కకు దొరకదు, వేసిన మర్నాడేమో రంగు మాడుకు అంటి జుట్టు ఒత్తుగా ఉన్నట్టు మోసం చేస్తుంది. ఎండలో తిరిగే పని అయితే మాడు నల్లబడి వేసవిలో పలచదనం తక్కువగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. కొన్ని క్లినిక్‌ల గోడల మీదుండే 'ముందు, తర్వాత' ఫోటోల్లో ఈ పేరాలోవి ఎన్ని మారాయో గమనిస్తే సరదాగా ఉంటుంది.

ఇప్పుడు లెక్క. ఇక్కడ నిదానంగా చదవండి, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

చోటు ఎంచుకునేటప్పుడు పూర్తిగా నున్నబడ్డ మధ్యభాగం వద్దు, అక్కడ పెరగడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఒత్తుగా ఉన్న చోటూ వద్దు. సుడి చుట్టూ పలచబడుతున్న అంచు కావాలి. ఆరు నెలల తర్వాత అదే చోటు దొరకాలి కాబట్టి మూడు దూరాలు రాసుకోండి. దర్జీ టేపుతో ముక్కు మొదట్లో వేలికి తగిలే గుంట నుంచి ఒకటి, కుడి చెవి రంధ్రం ముందుండే బుడిపె నుంచి ఒకటి, ఎడమ బుడిపె నుంచి ఒకటి. ఉదాహరణకు 22, 17, 17.5 సెం.మీ. అని. మూడు దూరాలూ కలిసే చోటు ఒక్కటే ఉంటుంది. మాడు మీద పుట్టుమచ్చో, చిన్నప్పుడు పడి కుట్లు వేయించుకున్న మచ్చో ఉంటే అదృష్టవంతులు, టేపు కంటే అదే నమ్మకం. పరిశోధనల్లో ఇందుకోసం సూదిమొనంత పచ్చబొట్టు చుక్క పెడతారు. ఇంట్లో అంత అవసరం లేదు.

జిరాక్స్ షాపులో దొరికే లామినేషన్ షీటు ముక్క తీసుకుని, మధ్యలో ఒకటిన్నర సెం.మీ. చదరం బ్లేడుతో కోయండి. అంచుకు మి.మీ. గీతలున్న కాగితం స్కేలు అంటించండి. ఈ చట్రాన్ని గుర్తు పెట్టిన చోట ఆనించి, జుట్టును ఒకే వైపు పాయదీసి, యూఎస్‌బీ మైక్రోస్కోపుతో గానీ ఫోనుకు తగిలించే మాక్రో లెన్సుతో గానీ ఫోటో తీయాలి. జుట్టు పొడుగ్గా ఉంటే వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తేలదు. ఆ చదరం వరకు గార్డు లేని ట్రిమ్మర్‌తో తీయిస్తే స్పష్టంగా వస్తుంది. నెలలో పూడిపోతుంది.

ఫోటోను పెద్దది చేసి, లెక్కపెట్టిన ప్రతి వెంట్రుక మొదట్లో ఒక రంగు చుక్క పెట్టండి. చదరం గీత మీద పడ్డవాటితో తకరారు వస్తుంది. పై గీత, ఎడమ గీత మీద ఉన్నవి లెక్కలోకి, కింద గీత, కుడి గీత మీద ఉన్నవి బయటికి. ఈ నియమం ఎప్పుడూ మార్చొద్దు. ఒకే రంధ్రం నుంచి రెండు మూడు వెంట్రుకలు కలిసి రావడం మామూలు, వాటిని విడివిడిగా లెక్కపెట్టాలి.

తర్వాత పని దాదాపు ఎవరూ చేయరు, కానీ మిగతా అంతటికీ విలువ తెచ్చేది ఇదే. చట్రం తీసేయండి. లేచి నీళ్లు తాగి రండి. మళ్లీ టేపు పట్టి, చోటు మొదటి నుంచి వెతికి, చట్రం పెట్టి, ఇంకో ఫోటో తీయండి. ఇట్లా ఒకే రోజు నాలుగు ఫోటోలు, నాలుగు లెక్కలు. 262, 271, 255, 264 వచ్చాయనుకుందాం. సగటు 263, పెద్దదానికీ చిన్నదానికీ తేడా 16. ఒక్క వెంట్రుక కూడా పెరగకుండా, రాలకుండా వచ్చిన తేడా ఇది, మీ చేతి తప్పు. ఆరు నెలల తర్వాత సగటు 275 వస్తే పెరిగిందని చెప్పలేం, 250 వస్తే తగ్గిందనీ చెప్పలేం. 295 వస్తే చెప్పొచ్చు. తప్పు ఎందుకింత వస్తుందంటే, పదిహేను మి.మీ. చట్రం ఒక పక్కకు రెండు మి.మీ. జరిగితే పాత చోటులో 13 శాతం బయటికి పోయి అంతే కొత్త చోటు లోపలికొస్తుంది. సుడి అంచున ఒక పక్క పలచగా, ఒక పక్క ఒత్తుగా ఉంటుంది కాబట్టి ఆ రెండు మి.మీ. జరుగుడే ఏడాది మందు చూపించే మార్పంత లెక్క తేవొచ్చు. మొదటిరోజే మీ నాలుగు లెక్కల మధ్య తేడా ముప్పై దాటితే చోటు గుర్తులు సరిగా లేవన్నమాట. అవి సరిచేసుకోకుండా ముందుకు పోతే ఏడాది కష్టం దండగ.

తల వెనక భాగంలో, రెండు చెవులకు సమంగా, మెడ వెంట్రుకలకు పైన, ఇంకో చోటు కూడా ఇట్లాగే కొలవండి. వంశపారంపర్య బట్టతల ఆ భాగాన్ని సాధారణంగా తాకదు. ఆరు నెలలకు సుడి దగ్గరా వెనకా రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గాయంటే అది మందు వైఫల్యం కాదు. లైటో, కెమెరానో మారి ఉండాలి, లేదా తల మొత్తం జుట్టు రాలుతూ ఉండాలి. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు తలంతా గుప్పెళ్లుగా ఊడుతుంది, కొన్ని నెలల్లో తనంతట తానే సర్దుకుంటుంది. కడుపు మాడ్చుకుని బరువు తగ్గినా అంతే. అందుకే నోటుబుక్కులో జ్వరాల తేదీలు కూడా రాయాలి.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. వెంట్రుకల సంఖ్య మారకుండానే జుట్టు ఒత్తుగా కావచ్చు. బట్టతలలో వెంట్రుక ఒక్కసారిగా పోదు, ఒక్కో విడతకు సన్నబడుతూ నూగులా మారుతుంది. మందు దాన్ని కొంత వెనక్కి తిప్పుతుంది. 0.04 మి.మీ. మందం ఉన్న వెంట్రుక 0.06 అయితే అడ్డుకోత రెండుంపావు రెట్లు అవుతుంది. లెక్కలో మాత్రం అది అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే. అందుకని చుక్కలు రెండు రంగుల్లో పెట్టండి: తల వెనక వెంట్రుకతో పోలిస్తే సగం కంటే సన్నగా ఉన్నవి ఒక రంగు, మిగతావి ఇంకో రంగు. మొత్తం 263 అట్లాగే ఉండి, సన్నవి 110 నుంచి 70కి తగ్గితే అది మంచి ఫలితం. సన్నగా లేతగా ఉండే నూగు కొన్ని కెమెరాలకు అసలు చిక్కదు. అది కాస్త ముదిరి కెమెరాకు దొరికితే సంఖ్య కూడా ఉన్నట్టుండి పెరుగుతుంది. కొందరు పరిశోధకులు చిన్న చోటులో జుట్టు మొదలంటా కోసి తూకం వేసి చూస్తారు, మందం పొడుగు రెండూ దాంట్లో కలిసొస్తాయి. ఇంట్లో కుదిరే పని కాదు. మన చదరంలో మూడు సెం.మీ. పొడుగు జుట్టంతా కలిపినా 30 మి.గ్రా. దాటడం కష్టం. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో కాటా దొరికినా, ఒక్క వెంట్రుక కింద పడకుండా కోసి చేర్చడం ఎవరి తరమూ కాదు.

మొక్కు ఉన్నవాళ్లకు మాత్రం ఒక మంచి అవకాశం దొరుకుతుంది. తిరుమలలోనో కదిరిలోనో గుండు చేయించుకున్నాక సరిగ్గా 72 గంటలకు ఆ చోటు ఫోటో తీయండి. పెరుగుతున్న దశలో ఉన్న వెంట్రుక రోజుకు మి.మీ.లో మూడో వంతు చొప్పున దాదాపు ఒక మి.మీ. పైకొస్తుంది. విశ్రాంతి దశలో ఉన్నది కత్తి వదిలిన చోటే మాడుకు సమంగా ఆగిపోతుంది. పైకొచ్చినవి లెక్కపెడితే ఆ చోట ఎన్ని వెంట్రుకలు నిజంగా పనిచేస్తున్నాయో తెలుస్తుంది. ఆస్పత్రుల్లో ఫోటోట్రైకోగ్రామ్ పేరుతో చేసేది చిన్న చోటులో దాదాపు ఇదే. గుండు తర్వాత జుట్టు ఒత్తుగా వస్తుందనేది మాత్రం భ్రమ. మొన తెగి మొద్దుగా ఉన్న చివర గరుకుగా, నల్లగా కనిపిస్తుందంతే, వేరు దగ్గర మందం మారదు. ఆ భ్రమను మందు ఖాతాలో వేసుకోకండి. గుండు తర్వాత మొదటి రెండు నెలల మామూలు ఫోటోలను దేనితోనూ పోల్చకండి.

కణతలు, నుదుటి అంచు కొలవడం వేరే రకం. ముక్కు గుంట నుంచి నుదుటి మధ్య అంచుకు, కంటి బయటి మూల నుంచి కణత మూలకు టేపు పెట్టొచ్చు. కనుబొమలు పైకెత్తితే చర్మం జరిగి మూడు నుంచి ఐదు మి.మీ. తేడా వస్తుంది, ముఖం వదులుగా పెట్టి కొలవాలి. ఏడాదికోసారి చాలు. మందులతో కణతల్లో వచ్చే మార్పు సుడి దగ్గర కంటే తక్కువని ముందే తెలుసుకోండి. బట్టతల దశలకు హామిల్టన్ అనే పరిశోధకుడు 1951లో మొదలుపెట్టి, నార్వుడ్ అనే డాక్టరు 1975లో సరిచేసిన ఏడు మెట్ల పట్టిక మీరు ఎక్కడున్నారో చెప్పడానికి బాగుంటుంది. ఒక మెట్టు మారడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి మందు లెక్కకు పనికిరాదు.

ఎప్పుడెప్పుడు కొలవాలి? మొదలుపెట్టిన రోజు, ఆరో నెల, పన్నెండో నెల. మూడో నెలలో కొలిస్తే ఊడినవాటి చోట కొత్తవి ఇంకా పూర్తిగా రాక మొదటి రోజు కంటే తక్కువ వచ్చి మనసు విరిగిపోవచ్చు. మినాక్సిడిల్ ఫలితం నాలుగో నెల తర్వాత కనబడడం మొదలవుతుంది, రెండు మందుల మీదా తీర్పు ఏడాదికే. ఋతువును బట్టి కూడా రాలడం మారుతుంది, ఆ లెక్కన కూడా జనవరిని జనవరితో పోల్చడమే న్యాయం.

ఫోటోలు పోల్చేటప్పుడు తేదీలు చెరిపి, కలిపేసి, విషయం తెలియని ఇద్దరికి చూపించండి. మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా మార్కులు వేయమనండి. ట్రయల్స్‌లో నిపుణులు చేసేదీ ఇట్లాంటిదే. ఇంట్లో అమ్మను అడిగితే 'బాగానే ఉంది లే నాయనా' అంటుంది, అది కొలత కిందకు రాదు.

మందు ఎంత వాడారో కొలవకుండా జుట్టు కొలిచి లాభం లేదు. మినాక్సిడిల్ పూటకు 1 మి.లీ., రోజుకు 2 మి.లీ. అంటే 60 మి.లీ. సీసా సరిగ్గా 30 రోజులు రావాలి. ప్రతి సీసా మీద తెరిచిన తేదీ రాయండి. సీసా యాభై రోజులొచ్చిందంటే మీరు రాస్తున్నది చెప్పిన మోతాదులో అరవై శాతమే. ఇరవై రోజులకే అయిపోతే జుట్టుకు రాస్తున్నారు, మాడుకు కాదు. ఆరిన మాడు మీద పాయలు తీసి రాసి, కనీసం నాలుగు గంటలు కడగకూడదు.

ఫినాస్టరైడ్ వేసుకునేవాళ్లు రాసుకోవాల్సినవి ఇంకొన్ని. కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, మనసు దిగులుగా ఉండడం లాంటివి కనిపిస్తే తేదీతో రాసి డాక్టరుకు చెప్పండి. ఈ మందు ప్రోస్టేట్ పరీక్ష పీఎస్ఏ విలువను దాదాపు సగానికి తగ్గిస్తుంది, పరీక్ష చేయించే రోజు మందు సంగతి చెప్పకపోతే రిపోర్టు తప్పుదోవ పట్టిస్తుంది. రక్తదానానికి చివరి మాత్ర తర్వాత నెల ఆగాలి. పగిలిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదు. మినాక్సిడిల్‌తో గుండె దడ, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు వస్తే కొలతలు పక్కనపెట్టి మందు ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. రూపాయి బిళ్లంత గుండ్రంగా ఊడితే అది పేనుకొరుకుడు కావచ్చు. పొలుసులు, చీము, నున్నటి మచ్చలు ఉన్నా ఈ లెక్కలేవీ పనికిరావు, చర్మవ్యాధుల డాక్టరు చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపుతో చూడాలి.

ఇక మీ సంగతి. మొదటిరోజు కొలత లేదు కాబట్టి ఈ వారమే కొలిచి దాన్ని సున్నా అనుకోండి, పక్కన 'నాలుగో నెల' అని రాయండి. మందు ఆపకండి. ఆపితే వచ్చిన లాభం ఏదైనా ఉంటే కొన్ని నెలల్లో పోతుంది, అప్పుడు కొలవడానికీ ఏమీ ఉండదు. ఆ ముప్పై నలభై ఫోటోల్లో ఒకే లైటు, ఒకే జుట్టు పొడుగు ఉన్న జత ఒక్కటైనా దొరుకుతుందేమో చూడండి. పెళ్లి వీడియోలు కూడా వెతకొచ్చు. మీదైనా చుట్టాలదైనా, పెద్దల కాళ్లకు మొక్కుతూ తల వంచిన చోట వీడియో ఆపితే నడినెత్తి బాగా దొరుకుతుంది. వీడియోవాళ్ల లైటు పైనుంచి కొట్టి మాడు మెరిపిస్తుంది కాబట్టి, దాంట్లో ఇప్పటికంటే ఒత్తుగా ఉంటే నమ్మండి, పలచగా కనిపిస్తే పక్కన పెట్టండి. తర్వాతి కొలత ఇప్పటి నుంచి రెండు నెలలకు, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలకు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోను మొత్తం తీసుకెళ్లి స్క్రోల్ చేస్తూ కూర్చోవద్దు. మూడు తేదీల ఫోటోలు, రెండు చోట్ల లెక్కలు, సీసాల తేదీలు ఒక్క కాగితం మీద ఉంటే చాలు, ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో ఆయన చూసేయగలడు.